డిక్కీలోంచి గృహప్రవేశం

మే 12

ఈ డైరీ పురుగుమందుల కొట్టువాడు ఉగాదికి ఊరికే ఇచ్చింది. ప్రతి పేజీ అడుగునా ఒక పురుగు బొమ్మ, పక్కన దానికి కొట్టాల్సిన మందు. ఇవాళ్టి పేజీకి కాయతొలుచు పురుగు వచ్చింది. పైకి ఏమీ తెలియనివ్వకుండా లోపల దూరి తినేస్తుందట. మా ఆయన గురించి రాయడానికి ఇంతకన్నా మంచి పేజీ దొరకదు.

ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. మొన్న పెళ్లి దగ్గర్నించి. హాయిగా ఉంది.

రాయడం ఎందుకంటే, ఊళ్లో ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు. జరిగింది జరిగినట్టు ఒక్కచోటయినా ఉండాలి.

మా తమ్ముడు సురేంద్ర కొడుకు నాగచైతన్య పెళ్లి చీరాలలో అయింది. కొత్త దంపతుల్ని దర్శిలో మా తమ్ముడి ఇంటికి మా కారులోనే తెచ్చాం. ఆ కారు మా ఆయన తప్ప ఇంకొకళ్లు ముట్టుకోకూడదు కాబట్టి ఆయనే తోలాడు. పెళ్లికొడుక్కి అక్కచెల్లెళ్లు లేరు. అందుకని గుమ్మం దగ్గర ఆపి, ఒకళ్ల పేరు ఒకళ్ల చేత చెప్పించి లోపలికి వదిలే పని మేనత్తనని నా మీద పడింది.

మా రోజుల్లో ఆ ఒక్క పేరు నోట్లోంచి రావడానికి చెమటలు పట్టేవి. ఈ పిల్లలు ఏడాదిగా ఫోన్లో ‘చైతూ’, ‘అఖీ’ అనుకుంటూనే ఉన్నారు. గుమ్మం దగ్గర ఆపితే బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు చెప్పేసి పక్కనుంచి దూరిపోతారు. అందులో సరదా ఏముంది? అందుకని గుమ్మం దాకా రానివ్వలేదు. కారు ఆగగానే, ముందు సీట్లో ఉన్నదాన్ని, చటుక్కున తాళం లాక్కుని దిగి, తలుపేసి రిమోటు నొక్కాను. నాలుగు తలుపులూ టక్కుమని పడ్డాయి.

“పేర్లు మూడేసిసార్లు చెబితేనే తీసేది!” అని అరిచాను. బాజాలు మోగుతున్నాయి, అందరూ నవ్వారు. లోపల పిల్లలిద్దరూ చెప్పారు కూడా, అద్దంలోంచి పెదాలు కదలడం కనపడింది. సరే, తీద్దామని నొక్కాను. టక్కుమని లేచి, వెంటనే టక్కుమని పడిపోయాయి. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. లోపల మా ఆయన తలుపు మీది బుడిపె పైకి లాగుతాడు, అది దానంతటదే దిగిపోతుంది. లాగుతాడు, దిగిపోతుంది. ఆయన నా వంక చూస్తాడు. నా చేతిలో రిమోటు, నా మొహాన నవ్వు. నవ్వొస్తే నేనేం చేయను?

తాళంతో తీద్దామంటే తాళం కన్నం నిండా ఏటేటా దసరా పూజ చేసిన పసుపూ కుంకుమా గట్టిపడి ఉంది. తాళం నా దగ్గరుంది కాబట్టి లోపల ఏసీ లేదు, వైశాఖమాసం ఎండ. చివరికి ఆయన సీటు పక్కనున్న మీట లాగి డిక్కీ తెరిచాడు. వెనక సీట్లోకి పాకి, కొత్త పెళ్లికూతురి ఒళ్లో మోకాలు మోపి, సీటు మీదుగా డిక్కీలోకి దొర్లి, అక్కణ్నించి వీధిలోకి దిగాడు. పంచె మాత్రం కార్లోనే ఉండిపోయింది. గళ్ల నిక్కరు ఉంది కాబట్టి సరిపోయింది.

ఆయన వెనక పెళ్లికొడుకు, వాడి వెనక పెళ్లికూతురు. “అమ్మాయ్, కుడికాలు ముందు పెట్టవే!” అని మా మరదలు అరుస్తూనే ఉంది. ఆ పిల్ల పాపం పట్టుచీరతో కూర్చుని జారింది, ఏ కాలు ముందు పడిందో ఎవరు చూశారు. డిక్కీలోంచి గృహప్రవేశం చేసిన కోడలు మా వంశంలో అఖిలే మొదటిది.

నేను కావాలనే పదే పదే తాళం వేశానని ఆయన అనుమానం. నేను వేసింది ఒక్కసారే. అది దేవుడికి తెలుసు.

మే 13

మాట్లాడలేదు. హాయిగా ఉంది.

మే 14

ఆయన నాతో మాట్లాడడు కాబట్టి మా అత్తగారు సుబ్బరావమ్మకి పని దొరికింది. ఎనభై దాటిన మనిషి. ఇన్నాళ్లూ అరుగు మీద కూర్చుని వచ్చే పోయే ట్రాక్టర్లని చూసేది. ఇప్పుడు మా ఇద్దరి మధ్యా టపా నడుపుతోంది.

“అమ్మా, పప్పులో ఉప్పు లేదని చెప్పు.”

“ఉప్పు లేదటే.”

“డాక్టరు తగ్గించమన్నాడని చెప్పండి అత్తయ్యా.”

“డాక్టరు తగ్గించమన్నాడట్రా.”

“నాకున్నది షుగరు. ఉప్పెందుకు తగ్గించాలో అడుగు. మనిషిని నిక్కరుతో వీధిలో నిలబెట్టింది చాలక, చప్పిడి కూడు కూడానా అని అడుగు.”

అత్తగారు ముద్ద కింద పెట్టింది. “ఒరేయ్, ఒక్కొక్కటిగా చెప్పు. రెండు కలిపి చెబితే ఒకటే మోస్తాను. నా అన్నం చల్లారిపోతోంది.”

సాయంత్రం ఆవిడ కాళ్లకి నూనె రాస్తూ మెల్లిగా అడిగాను. “నేను లేనప్పుడు నా గురించి ఏమన్నా అన్నాడా అత్తయ్యా?”

“అన్నాడు.”

“ఏమని?”

“అది నీకు చెప్పమని చెప్పలేదు” అని కళ్లు మూసుకుంది.

మే 16

గుంటూరు వెళ్లొచ్చాడు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మన మిరపకాయ బస్తాలు చూసుకోడానికి. కారులో కాదు, బస్సులో. వచ్చిన దగ్గర్నించీ మొహం ఎర్రగా ఉంది. ఎండకి అనుకున్నాను. కాదట. అక్కడ గుమాస్తా ఎవడో “రండి డిక్కీ నారాయణ గారూ” అన్నాడట. పెళ్లిలో ఎవరో తీసిన వీడియో గుంటూరు దాకా పోయింది. చూసిన ప్రతివాడూ ఆ నిక్కరు గళ్లు ఏ రంగో కూడా చెబుతున్నాడు.

అత్తగారి ద్వారా కబురు వచ్చింది. “కావాలని చేశానని నలుగురి ముందూ ఒప్పుకుంటే మాట్లాడతాడట.”

“చేయని పని ఎలా ఒప్పుకుంటానని అడగండి.”

ఆయన గోడవంక చూస్తూ అన్నాడు: “పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రిపూట తెల్లచీర కట్టుకుని కూలోళ్లని పరిగెత్తించింది ఎవరో అడుగు. మా అక్క వెంకటేశ్వరమ్మ తాంబూలంలో కారం పెట్టింది ఎవరో అడుగు. పోయినేడు మిరప నారు కొనడానికి వచ్చినవాడికి వంకాయ నారు చూపించింది ఎవరో అడుగు.”

అవన్నీ నేనే. అది వేరే సంగతి. ఇది మాత్రం నేను కాదు. జన్మకి ఒక్కసారి చేయని పనికి పట్టుబడ్డాను.

సరే. ఆ తాళం నిజంగా పాడైందని రుజువు చేస్తాను. అప్పుడు ఆయనే వచ్చి మాట్లాడాలి. లేకపోయినా నాకేం, హాయిగానే ఉంది.

మే 18

దర్శి డాక్టరు దగ్గరికి తల్లీకొడుకులిద్దరే వెళ్లారు. నన్ను రమ్మనలేదు. షుగరు మళ్లీ పెరిగిందట. “ఇంట్లో ఏం పెడుతున్నారయ్యా నీకు?” అని డాక్టరు అరిచాడట. ఆయన “మా ఇంట్లో వంట నా చేతిలో లేదండీ” అన్నాడట, జాలి మొహం పెట్టి.

పొద్దున జొన్నరొట్టె. మధ్యాహ్నం కొలిచి పెట్టిన అన్నం. రాత్రి మళ్లీ జొన్నరొట్టె. ఇంట్లో బెల్లం డబ్బా నేను తాళం వేసి పెట్టుకున్నాను. రొట్టె తట్టీ తట్టీ నా చేతులు రాటుదేలాయి. ఆ జొన్నల్లోనే ఏదన్నా ఉందేమో.

మే 20

ఆయన పొలం వెళ్లాక దర్శి నుంచి జాన్ బాషాని పిలిపించాను. బస్టాండు వెనక కార్ల కరెంటు పని చేస్తాడు. బండి దిగీ దిగకముందే నవ్వుతున్నాడు.

“అక్కా, మీ వీడియో మా ఇంట్లో ఆడోళ్లు పదిసార్లు చూశారు.”

“చూసింది చాల్లే. తాళం సంగతి చూడు.”

షెడ్డులోకి వెళ్లాడు. కారు పక్కనే పోయినేటి పత్తి కుప్ప. రేటు వస్తుందని అమ్మకుండా ఉంచాడు మా ఆయన, ఎదురుచూసి చూసి పత్తికే విసుగు పుట్టింది. ఎలుకలు రాకుండా ఇంజను దగ్గర ఎండుమిరపకాయలు మూటకట్టి వేలాడదీశాడు. కారం ఘాటుకి ఎలుక రాదట! పుట్టిన దగ్గర్నించీ గుంటూరు కారం మీద బతుకుతున్న ఎలుకలు ఇవి, మూట చూసి నంజుకోడానికి వస్తాయి.

జాన్ బాషా రిమోటు నొక్కాడు. టక్. తీశాడు. టక్. ఇరవైసార్లు నొక్కాడు. తాళాలు బడిపిల్లల్లా లేవమంటే లేచాయి, కూర్చోమంటే కూర్చున్నాయి.

“బ్రహ్మాండంగా ఉందక్కా.”

“నువ్వు చూస్తున్నావని బుద్ధిగా ఉందిరా. నువ్వెళ్లాక చూడు దాని వేషాలు.”

“అక్కా, నాతో చెప్పు, ఎవరికీ చెప్పను. బావ మీద నువ్వే వేశావు కదా?”

వాణ్ని కొట్టడానికి చీపురు కోసం చూశాను. వాడు తప్పించుకుని కారులో పాట పెట్టాడు. “ఇదిగో అక్కా, తాళం బాగానే ఉంది గానీ, డ్రైవరు పక్క స్పీకరు పలకట్లేదు. కొత్తది వేయించనా?”

“నేను తాళం గురించి పిలిస్తే నువ్వు పాట గురించి చెబుతావేంట్రా?” అని పంపేశాను.

వాడి బండి మలుపు తిరిగిందో లేదో, కోపంతో డ్రైవరు తలుపు విసిరి వేశాను, నాలుగూ టక్కుమని పడ్డాయి. నా చేతిలో రిమోటు లేదు. చుట్టూ చూశాను. సాక్ష్యానికి రెండు గేదెలు తప్ప ఎవరూ లేరు.

మే 21

రిమోటులో గుండీ లాంటి సెల్లు ఉంటుంది. కొత్తది వేశాను. తేడా లేదు.

మే 22

జాన్ బాషా ఫోన్లో చెబితే స్టీరింగు కింద మూత తీసి ఫ్యూజు చూశాను. పసుపు రంగుది. వెలుతురుకి పెట్టి చూస్తే లోపలి తీగ తెగలేదు. తిరిగి పెట్టేశాను. తొమ్మిదో తరగతి తప్పినదానికి ఇది ఎక్కువే.

సీటు కింద ఎలుక పెంటికలు ఉన్నాయి. పత్తి పక్కన పెడితే ఉండవా మరి. ఊడ్చేశాను.

మే 23

మాట్లాడలేదు.

ఇవాళ్టి పేజీకి తామర పురుగు. చూడ్డానికి నలుసంత ఉంటుంది, పైరంతా ముడుచుకుపోతుంది.

మా పెళ్లి గుర్తొచ్చింది. మా ఆయన అక్క వెంకటేశ్వరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి పేర్లు చెప్పమంది. నేను తడుముకోకుండా “భావనారాయణ” అన్నాను, గట్టిగా. ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన వంతు వచ్చింది. చెప్పడు. నిలబెట్టారు, చెప్పడు. మా ఇద్దరి కాళ్లూ లాగేశాయి. చివరికి “సుబ్బరావమ్మ గారి కోడలు” అన్నాడు. ఎంత తెలివో అని అందరూ నవ్వి వదిలేశారు.

ఆ గుమ్మం అలా దాటాడు. ఆ తర్వాత ఇక చెప్పే అవసరమే రాలేదు. “ఇదిగో”, “ఏమోయ్”, “వినపడుతోందా”. గేదెకి పేరుంది మా ఇంట్లో. కారుకి కూడా పిలుపుంది, దాన్ని “బంగారం” అంటాడు, తుడిచేటప్పుడు.

ఇప్పుడు ఆ “ఇదిగో” కూడా లేదు. హాయిగానే ఉంది.

తాళం వేసింది ఒక్కసారే అని రాశాను. పోనీ రెండుసార్లు. రెండోసారి నొక్కింది తీయడానికో వేయడానికో గుర్తులేదు.

మే 26

అత్తగారు నీళ్లపొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంది. “కారు అమ్మేస్తాడటే.”

“ఎవరికి?”

“చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీ మేనేజరట, యలమంద అని. ఎల్లుండి చూడ్డానికొస్తాడట. ఆ కారు ఎక్కినప్పుడల్లా జనం నవ్వుతున్నారట.”

నాకు నవ్వు రాలేదు. కారు పోతే పోనీ, నేనెప్పుడన్నా తోలానా దాన్ని? కానీ దాంతోపాటు నా రుజువు కూడా చీమకుర్తి పోతుంది. ఆ తాళం ఇంకొకడి చేతిలో పాడైతే నాకేం లాభం? జీవితాంతం ఈయన నన్ను దొంగని చూసినట్టు చూస్తాడు, అత్తగారు జీవితాంతం ఉండదు. తర్వాత టపా ఎవరు మోస్తారు?

మే 28

యలమంద వచ్చాడు. నేను మజ్జిగ ఇచ్చే నెపంతో షెడ్డు దగ్గరే తిరిగాను. అతను తలుపులు తీశాడు, వేశాడు, రిమోటు నొక్కాడు. పాడవ్వవే తల్లీ అని మనసులో కోటప్పకొండ స్వామికి మొక్కుకున్నాను. ఈయన చూస్తుండగా ఒక్కసారి, ఒక్కసారి పాడైతే చాలు. ఊహూ. పెళ్లిచూపుల్లో పిల్లలా ఎంత అణకువగా ఉందో.

“తాళాలు బాగున్నాయి బాబాయ్. మరి ఆ వీడియోలో అట్టా పడిపోయినయ్యేంటి?” అన్నాడు యలమంద.

మా ఆయన నా వైపు చూడకుండా, “అది బండి లోపం కాదులే” అన్నాడు.

ఒకటో తారీకు వచ్చి తీసుకెళతానని యలమంద మాటిచ్చి వెళ్లాడు. మజ్జిగ రెండుసార్లు అడిగి తాగాడు. వాడి మజ్జిగలో ఏమీ కలపలేదు. నేను ఎంత దిగాలుగా ఉన్నానో దీన్నిబట్టే తెలుస్తుంది.

మే 29

ఇవాళ ఆయన పొలానికి పోగానే అత్తగారిని చెయ్యి పట్టుకుని షెడ్డుకి తీసుకెళ్లి కుర్చీ వేశాను. రిమోటు చేతిలో పెట్టాను.

“ఏం చేయమంటావే?”

“నేను నొక్కమన్నప్పుడల్లా నొక్కండి. పైది వేయడానికి, కిందిది తీయడానికి.”

ఆవిడకి అందులో రుచి దొరికింది. నేను చెప్పకముందే నొక్కేస్తోంది, చిన్నపిల్ల గిలక ఆడించినట్టు. నేను ఒక్కో తలుపుకీ చెవి ఆనించాను. వెనక ఎడమది: టక్. వెనక కుడిది: టక్. ముందు ఎడమది: టక్. డ్రైవరు తలుపు: ముందు గరగర, ఎవరో కాగితం నలిపినట్టు. తర్వాత సగం టక్.

ఆ తలుపు తెరిచి ఉంచి నొక్కమన్నాను. అన్నీ సక్రమంగా పనిచేశాయి. ఆ తలుపు గట్టిగా వేశాను. నాలుగూ లేచాయి, పడ్డాయి, లేచాయి, పడ్డాయి.

“అత్తయ్యా, నొక్కుతున్నారా?”

“నేనెక్కడే! రిమోటు ఒళ్లో ఉంది, నా చెయ్యి ముక్కుపొడుం డబ్బాలో ఉంది.”

ఎగిరి గంతేశాను, ఈ వయసులో. దొరికింది! రోగం నా చేతిలో లేదు, రిమోటులో లేదు, ఆ డ్రైవరు తలుపులోనే ఉంది. తెరిచి పెడితే నిద్రపోతుంది, విసిరి వేస్తే లేస్తుంది. జాన్ బాషా చూసినంతసేపూ ఆ తలుపు బార్లా తెరిచే ఉంది మరి. యలమంద పరాయివాడి బండి కదా అని మెల్లిగా వేశాడు. అసలు అంత గట్టిగా వేసేది మా ఆయన, కోపమొస్తే నేను.

సాయంత్రం అత్తగారు చూసింది చూసినట్టు కొడుక్కి చెప్పింది. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, “అత్తాకోడళ్లు కూడబలుక్కున్నారని చెప్పు” అన్నాడు.

“ఎవరికి చెప్పమంటావురా?”

“మీ ఇద్దరికీ.”

“నాకు నేనే చెప్పుకోవాలా?” అని ఆవిడ లేచిపోయింది. ఇన్నాళ్లలో ఆవిడకి కోపం రావడం ఇదే చూడ్డం.

మే 31

చాలా రాయాలి. ముందు నవ్వు ఆగాలి.

ఆయన ఒంగోలు వెళ్లాడు, ఏదో సంతకం పనిమీద. జాన్ బాషాని పిలిచి, “డ్రైవరు తలుపు లోపలి ప్యాడు విప్పు” అన్నాను.

“ఎందుకక్కా? నాలుగు తలుపుల మోటార్లూ మార్చేస్తే పోతుంది.”

“ముందు విప్పరా. తర్వాత మారుద్దువుగాని.”

స్క్రూలు తీశాడు. ప్యాడు అంచు పట్టుకుని లాగితే క్లిప్పులు టపటపా ఊడాయి. లోపల తెల్లగా, మెత్తగా, బాలింత పరుపులా పత్తి. మన షెడ్డులో పత్తే. మధ్యలో గుంట చేసుకుని, కళ్లు తెరవని ఎలుకపిల్లలు, గులాబీ రంగులో, చిటికెన వేలంత. పక్కన వైర్లు. పైన తొడుగంతా కొరికేసి, రాగి బయటికి వచ్చి, తలుపు అదిరినప్పుడల్లా ఒకదాన్నొకటి ముట్టుకుంటున్నాయి. ఆ పత్తి ముద్ద వెళ్లి బుడిపె కమ్మీకి కూడా అడ్డం పడింది.

“సారీ అక్కా” అన్నాడు జాన్ బాషా. “అవి తగిలినప్పుడల్లా తాళం వేయమని ఎవరో నొక్కినట్టే. నువ్వు కాదు, ఇవి వేశాయి.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అదొక్కటే అయితే ఇక్కడితో ఆపేసేదాన్ని.

వాడు చెయ్యి ఇంకొంచెం లోపలికి పెట్టాడు. “స్పీకరు లేదే ఇక్కడ” అన్నాడు. స్పీకరు ఉండాల్సిన కన్నంలో స్పీకరు లేదు. ఒక కవరు ఉంది. కవరు నిండా వేరుశెనగ ఉండలు. బెల్లం పాకంవి. కొన్ని ఎలుక కొరికినవి, కొన్ని మనిషి కొరికినవి. అడుగున ఉండలు చుట్టిన ఖాళీ కాగితాలు, నలిపి కుక్కినవి, దోసెడు. గరగర అదీ.

జాన్ బాషా కవరు ఎత్తి చూశాడు. నన్ను చూశాడు. “అక్కా, ఇవి ఎలుకలు కొనుక్కున్నవి కాదు.”

స్పీకరు జాలీ వేలితో నొక్కితే ఊడొస్తుంది, మళ్లీ నొక్కితే అతుక్కుంటుంది. పాట ఒక పక్కనుంచే వచ్చినా ఇన్నాళ్లూ ఆయన బాగు చేయించలేదు. కారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తుడిచే గుడ్డ పట్టుకుని పొద్దునా సాయంత్రం షెడ్డులో అంతంతసేపు. “బంగారం” అన్నది దేన్నో ఇప్పుడు తెలిసింది.

జొన్నరొట్టెలు. కొలిచి పెట్టిన అన్నం. “మా ఇంట్లో వంట నా చేతిలో లేదండీ” అట! ఈయన దాచుకున్న ఉండలకి ఎలుక వచ్చింది, ఎలుక వైరు కొరికింది, వైరు తాళం వేసింది, తాళం పంచె ఊడదీసింది. నాతో మాటలు మానేసింది ఈయన!

జాన్ బాషా వైర్లు అతికి టేపు చుట్టాడు, కమ్మీకి నూనె వేశాడు. ఎంత గట్టిగా వేసినా తాళాలు చెప్పినట్టు వింటున్నాయి. “నోరు మూసుకుంటే ఒక ఉండ తీసుకో” అన్నాను. “ఎలుక ఎంగిలి నాకెందుకక్కా, నోరు ఊరికే మూసుకుంటాలే” అన్నాడు. ఎలుకపిల్లల్ని పత్తితో సహా కుప్పలో వదలమంది అత్తగారు. “బాలింత వెతుక్కుంటుంది” అంది.

ఆ గూటినీ కవర్నీ ఫొటో తీశాను. మా చుట్టాల గ్రూపులో పెడదామని. ఆ వీడియో పెట్టింది కూడా ఆ గ్రూపులోనే. కింద రాయాల్సింది కూడా రాశాను, ఒక్క ముక్క: ‘డిక్కీ నారాయణ గారి గోడౌను’. పంపే గుర్తు మీద వేలు పెట్టాను.

తీసేశాను. జాలి కాదు. నలుగురికీ తెలిసిపోతే నా చేతిలో ఏం మిగులుతుంది? ఒక్కదానికే తెలిసింది ఒక్కదాని దగ్గరే ఉంటే విలువ.

అది చూస్తే ఆ గుంటూరు గుమాస్తాగాడు ఏమనేవాడో కూడా ఊహించాను. వేలు తీసింది అందుకు కాదు. ఊరికే ఊహించాను.

జూన్ 1

ఇవాళ్టి పేజీకి అక్షింతల పురుగు వచ్చింది. ఎర్రగా, మీద నల్లచుక్కలు. మిత్రపురుగట, మందు కొట్టకూడదట.

పొద్దున ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని కారు బయటికి తీయడానికి షెడ్డుకి వచ్చాడు. అప్పటికే నేను డ్రైవరు సీట్లో ఉన్నాను. తాళం తిప్పితే స్టార్టవుతుందని తెలుసు, ఏసీ మీట ఎటు తిప్పాలో తెలుసు. అంతకుమించి తెలియదు. ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తి, బుడిపెలు దించి కూర్చున్నాను.

ఆయన తలుపు లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. అటు తిరిగి అరుగు మీదికి కేక వేశాడు. “అమ్మా, తలుపు తీయమని చెప్పు!”

నేను ఒళ్లోంచి ఒక కాగితం తీసి, మడత విప్పి, అద్దానికి ఆనించాను. వేరుశెనగ ఉండల కాగితం. దుకాణం పేరు ఆయన వైపుకి వచ్చేలా. తర్వాత ఇంకొకటి. తర్వాత ఎలుక కొరికిన ఉండ.

ఆయన మొహం చూడాలి. వంగి తలుపు మీది జాలీ వంక చూశాడు. నా వంక చూశాడు. వీధివంక చూశాడు. ఇన్నాళ్లూ వాచిపోయి ఉన్న మొహం, గాలి తీసిన ట్యూబులా దిగిపోయింది.

అత్తగారు కర్ర ఆనించుకుంటూ షెడ్డు దాకా వచ్చింది. ఆవిడ కేకలు అద్దంలోంచి కూడా వినపడతాయి.

“పేరు చెబితే తీస్తుందటరా.”

“ఎవరి పేరు?”

“అప్పుడు నా పేరు చెప్పి తప్పించుకున్నావు. ఈసారి కుదరదు. నేను ఇవాళ్టి నుంచి టపా మానేశాను.”

అప్పుడే వీధి చివర యలమంద మోటారుసైకిలు కనపడింది. ఆయనా చూశాడు. నేను ఉండ ఎత్తి పట్టుకున్నాను, వచ్చేవాడికి కూడా బాగా కనపడేలా.

ఆయన అద్దానికి దగ్గరగా వంగాడు. పెదాలు కదిలాయి.

చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తలూపాను.

మళ్లీ చెప్పాడు, కొంచెం గట్టిగా. మళ్లీ తలూపాను. యలమంద బండి ఆపి దిగాడు. “ఎవర్ని పిలుస్తున్నారు బాబాయ్?”

“కోటేశ్వరీ!” అని అరిచాడు మా ఆయన. గేదెలు మేత మానేసి తలలెత్తాయి. “కోటేశ్వరీ, తలుపు తియ్యవే తల్లీ!”

నొక్కాను. నాలుగూ టక్కుమని లేచాయి. ఒక్కటి కూడా తిరిగి పడలేదు.

ఆయన చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ముందు కాగితాలన్నీ ఏరి జేబులో కుక్కుకున్నాడు. అద్దం దించి యలమందతో, “ఏమనుకోకు. కారు ఇప్పుడు అమ్మడంలేదు. తలుపుల్లో కొంచెం లోపం ఉంది” అన్నాడు.

“మొన్న బండి లోపం కాదన్నారుగా?”

“మొన్న నాకు తెలియదు.”

యలమంద మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. ఇవాళ అందులో చిటికెడు కారం వేశాను. పాపం దగ్గుతూనే బాగుందన్నాడు.

ఇద్దరం చాలాసేపు ఏసీలో కూర్చున్నాం. చివరికి ఆయన ఎదురుగా గోడవంక చూస్తూ అడిగాడు.

“నిజం చెప్పు. ఆ రోజు ఎన్నిసార్లు నొక్కావు?”

“మీరు ఎన్ని ఉండలు తిన్నారు?”

ఆయన జేబులో కాగితాలు ఇంకా లోపలికి కుక్కుకున్నాడు. నేను ఏసీ పెంచాను. పెళ్లి రోజు మూడోసారి మాత్రం కావాలనే నొక్కాను. బుడిపె దిగిపోయినప్పుడు ఆయన మొహం అలా ఉంటే ఎవరు మాత్రం ఆగుతారు? మిగతావన్నీ ఎలుకవే.

రేపటి నుంచి జొన్నరొట్టె నా కళ్లముందే తినాలి. తాళం, రిమోటు నా కొంగున ఉంటాయి.

ఏసీ మోతలో వినపడలేదని ఆయన మూడుసార్లు అరవాల్సి వచ్చిందని అత్తగారు ఊరంతా చెబుతోంది. చెప్పనీ. ఆ మోత నా చెవికి అసలు అడ్డం రాలేదు. ఆయన అద్దానికి మొహం ఆనించి, గొణిగినట్టు అన్నాడే, మొదటిసారి, అప్పుడే వినపడింది.